ఎల్క్ వేటకు పెద్ద తూటాయే కావాలన్న సలహా సరికాదు

సంపాదకులకు,

ఆదివారం మీ ఎన్నారై పేజీలో అమెరికాలో ఎల్క్ వేట గురించి వచ్చిన వ్యాసంలో రెండు మాటలు సవరించాల్సి ఉంది. ఒకటి, ఎల్క్ అనే అమెరికా పెద్ద జింకను దుప్పి అన్నారు. రెండు, జంతువు పెద్దది కాబట్టి మాగ్నమ్, అంటే మామూలుకన్నా ఎక్కువ మందు పట్టే తూటా తప్పనిసరి అన్నారు. మొదటిదాంతో ఎవరికీ నష్టం లేదు. రెండోది నమ్మి రైఫిల్ కొనే కొత్తవాళ్లు మాత్రం అక్టోబరు మధ్యలో కొలరాడో రైఫిల్ సీజన్ తెరుచుకునేసరికి దాని తన్నుకు జడిసి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకునే అలవాటు తెచ్చుకుంటారు. ఆ అలవాటు వదిలించుకోవడం కొత్త రైఫిల్ కొన్నంత తేలిక కాదు.

ముందు జంతువు సంగతి. దుప్పి అంటే మన నల్లమలలో కనిపించే మచ్చల జింక. మగది ఎనభై, తొంభై కిలోలు తూగితే గొప్ప. రాకీ పర్వతాల మగ ఎల్క్ మూడు వందల కిలోల జంతువు. ఆడది కూడా రెండు వందల పైచిలుకే. మన అడవుల్లో దీనికి దగ్గరి పోలిక కణుజు. సిలోన్‌లో తెల్లదొరలు కణుజునే ఎల్క్ అని పిలిచేవారు కూడా. ఇంకో తికమక ఉంది. యూరప్‌లో ఎల్క్ అంటే అమెరికన్లు మూస్ అనే ఇంకా భారీ జంతువు. యూరప్ కంపెనీల పట్టికలో ఎల్క్‌కు ఫలానా తూటా అని కనిపిస్తే అది మూస్‌కు చెప్పిన మాట. దాన్ని కొలరాడోకు వర్తింపజేసుకుని కంగారు పడనక్కర్లేదు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు సరదా వేట నిషిద్ధం. కాబట్టి ఇక్కడ రాసేదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని అడవికి వెళ్లే తెలుగువాళ్ల కోసమే.

తూటా, బుల్లెట్ ఒకటే అన్నట్టు పత్రికల్లో రాస్తుంటారు. ఈ విషయంలో మాత్రం ఆ రెండింటినీ విడదీయకపోతే ముందుకు కదలలేం. తూటా అంటే మొత్తం సరంజామా: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతికి బిగించిన బుల్లెట్. జంతువును తాకేది ఆ చివరి ముక్క ఒక్కటే. .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ అనే మాగ్నమ్ కాని మామూలు రకం తూటా ఒకటి చేతిలోకి తీసుకోండి. పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, దాదాపు చూపుడువేలంత. అందులో ఎల్క్‌కు ఎక్కువగా వాడే బుల్లెట్ బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. మన పెద్దల లెక్కలో సరిగ్గా ఒక తులం. విక్టోరియా రాణి బొమ్మ ఉన్న పాత వెండి రూపాయి బరువూ అంతే. మూడు వందల కిలోల జంతువు మీదికి మనం పంపేది ఒక్క రూపాయి బిళ్లంత బరువు. అది ఎంత వేగంతో వెళ్లింది అన్నదానికన్నా ఎక్కడ తగిలింది, తగిలాక ఏ రూపంలో ఎంత లోతుకు పోయింది అన్నవే పని పూర్తి చేస్తాయి.

వేగం లెక్కలు చూద్దాం. .30-06లో మామూలు 180 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర మెత్తని సీసం ఉన్న) బుల్లెట్ గొట్టం దాటేటప్పుడు సెకనుకు 2700 అడుగుల వేగంతో ఉంటుంది. అక్కడ దాని శక్తి, అమెరికన్ల కొలతలో, 2913 అడుగు-పౌండ్లు. 300 గజాలు వెళ్లేసరికి వేగం 2042 అడుగులకు, శక్తి 1666కు దిగుతుంది. ఈ లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు: బుల్లెట్ బరువును గ్రెయిన్లలో తీసుకుని, వేగాన్ని వేగంతో గుణించి, వచ్చినదాన్ని ఆ బరువుతో గుణించి, 4,50,437తో భాగిస్తే అడుగు-పౌండ్లు వస్తాయి. అదే బరువు బుల్లెట్‌ను .308 విన్‌చెస్టర్ 2620 అడుగుల వేగంతో పంపుతుంది. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ 2960తో పంపుతుంది. అంటే .308కీ మాగ్నమ్‌కీ మధ్య తేడా 340 అడుగులు. ఆ తేడా కోసం మాగ్నమ్ కేసులో మందు ఒకటిన్నర రెట్లు కాల్చాలి. మీ వ్యాసంలోని పట్టికలో మాగ్నమ్‌కు ఇచ్చిన 3500 అడుగు-పౌండ్ల అంకె గొట్టం మూతి దగ్గరిది. ఎల్క్ గొట్టం మూతి దగ్గర నిలబడదు.

ఎల్క్ దగ్గరికి చేరేసరికి 1500 అడుగు-పౌండ్లు మిగలాలి అని వేటగాళ్లలో ఒక వాడుక లెక్క ఉంది. అది చట్టమూ కాదు, శాస్త్రమూ కాదు, జాగ్రత్త కోసం పెట్టుకున్న గీత. ఆ గీత ప్రకారం పైన చెప్పిన .30-06 సాదా బుల్లెట్ 300 గజాల పైన ఇంకాస్త దూరం పనికొస్తుంది. 6.5 క్రీడ్‌మోర్ అనే తక్కువ తన్నే తూటా 143 గ్రెయిన్ల సన్నని బుల్లెట్‌తో 400 గజాలకు కాస్త ముందు ఆ గీత అంచుకు వస్తుంది. మాగ్నమ్ 400 గజాలు దాటాక కూడా గీతకు పైనే ఉంటుంది. చట్టం అడిగేది ఇంతకన్నా తక్కువ. కొలరాడోలో ఎల్క్‌కు రైఫిల్ కనీసం .24 క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) ఉండాలి, బుల్లెట్ 85 గ్రెయిన్లకు తగ్గకూడదు, తగిలాక విచ్చుకునే రకం అయి ఉండాలి, 100 గజాల దగ్గర కంపెనీ చెప్పిన శక్తి 1000 అడుగు-పౌండ్లు ఉండాలి. రాష్ట్రం మారితే నిబంధన మారుతుంది కనుక ఆ ఏటి నిబంధనల పుస్తకం చూసుకోవాలి. ఈ లెక్కన .243 విన్‌చెస్టర్ కూడా చట్టబద్ధమే. అయినా కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన మూడు వందల కిలోల జంతువు భుజం ఎముక ఒప్పుకోదు.

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటాం కదా. ఎల్క్ పిచ్చుక కాదు, నిజమే. మాగ్నమ్ కూడా బ్రహ్మాస్త్రం కాదు. పొట్టలో తగిలిన .338 మాగ్నమ్ కన్నా రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోయిన .270 తొందరగా పని ముగిస్తుంది. .270 విన్‌చెస్టర్ 1925 నుంచి, .30-06 అయితే 1906 నుంచి ఉన్నాయి. ఆ పాత రైఫిళ్లతో ఎల్క్‌ను కొట్టేవాళ్లు రాకీ పర్వతాల ఊళ్లలో ఇప్పటికీ కొల్లలు.

అసలు డబ్బు పెట్టాల్సింది బుల్లెట్ కట్టుబడి మీద. అన్నిటికన్నా చవకైనది రాగి తొడుగులో సీసం పోసిన మామూలు బుల్లెట్. తగలగానే ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. 200 గజాల అవతల, పక్కటెముకల మధ్య తగిలితే ఇది చక్కగా పనిచేస్తుంది. దగ్గర్లో, భుజం ఎముక మీద, మాగ్నమ్ వేగంతో తగిలితే తొడుగు ఊడిపోయి సీసం ముక్కలుముక్కలై పై కండలోనే ఆగిపోవచ్చు. పైన పెద్ద గాయం, లోపల ఊపిరితిత్తులు భద్రం. ఆ ఎల్క్ రెండు కొండలు దాటి ఎక్కడో పడి చస్తుంది, మీకు దొరకదు. ఇక్కడే ఉంది మెలిక: వేగం పెరిగే కొద్దీ బుల్లెట్ ఇంకా గట్టిది కావాలి. మాగ్నమ్ రైఫిల్ కొని, ఖర్చు తగ్గించుకుందామని అందులో చవక బుల్లెట్ వేయడం కన్నా .30-06లో గట్టి బుల్లెట్ వేయడం వెయ్యి రెట్లు నయం.

గట్టి బుల్లెట్లలో మూడు జాతులున్నాయి. మొదటిది నడుమ అడ్డుగోడ ఉన్నది. జాన్ నోస్లర్ 1948లో అమ్మకానికి పెట్టిన పార్టిషన్ దీనికి మూలపురుషుడు. ముందు సగం విచ్చుకుని చెదిరినా వెనక సగం రాగి గోడ చాటున చెక్కుచెదరకుండా లోపలికి పోతుంది. రెండోది సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ రకం, అక్యుబాండ్ లాంటివి. మూడోది సీసమే లేని పూర్తి రాగి బుల్లెట్. బార్న్స్ కంపెనీవి ఇందులో ప్రసిద్ధం. రాగి బుల్లెట్ ఎముకను విరుచుకుని అవతలికి వెళ్తుంది, బరువు దాదాపు పోగొట్టుకోదు. దానికున్న ఇబ్బంది వేరు. తగిలేటప్పుడు వేగం సెకనుకు 1800 అడుగులన్నా లేకపోతే విచ్చుకోదు, పెన్సిల్‌తో పొడిచినట్టు సన్నని రంధ్రం చేసుకుని పోతుంది. రెండు వేలు ఉంటే నిశ్చింత. అందుకే రాగిలో బరువు కాస్త తగ్గించి వేగం పెంచుకుంటారు. సీసంలో 180 వాడేచోట రాగిలో 165 లేదా 168 చాలు. సీసంకన్నా రాగి తేలిక కాబట్టి అదే బరువుకు రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. పొడవైన బుల్లెట్‌కు గొట్టంలో మెలిక, అంటే బుల్లెట్‌ను తిప్పే గాడుల చుట్టు, బిగువుగా ఉండాలి. .30-06 రైఫిళ్లకు సాధారణంగా పది అంగుళాలకు ఒక మెలిక ఉంటుంది కనుక చిక్కు లేదు. కొన్ని పాత .308 రైఫిళ్లలో పన్నెండు అంగుళాలకు ఒకటి ఉంటుంది. వాటిలో బరువైన రాగి బుల్లెట్లు గురి చెదురుతాయి.

ఇక తన్ను సంగతి. స్కోప్‌తో కలిపి ఎనిమిది పౌండ్ల రైఫిల్ అనుకుంటే 6.5 క్రీడ్‌మోర్ భుజం మీద ఇచ్చే తన్ను పన్నెండు, పదమూడు అడుగు-పౌండ్లు. .308ది పదిహేడు దాకా, .30-06ది ఇరవై, .300 మాగ్నమ్‌ది పాతిక పైన. .338 మాగ్నమ్ ముప్ఫై దాటిపోతుంది. అలవాటు లేనివాళ్లలో చాలామందికి ఇరవై దగ్గరే హద్దు. అది దాటితే భుజం నొప్పి కాదు అసలు ముప్పు, మెదడు నేర్చుకునే పాఠం. ట్రిగ్గర్ మీద వేలు బిగుసుకుంటుంది, కళ్లు మూసుకుంటాయి, గొట్టం కిందికి వంగుతుంది. కాల్చినవాడికి ఇదేదీ తెలియదు, చప్పుడూ తన్నూ అన్నీ కప్పేస్తాయి.

తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. షూటింగ్ రేంజ్‌కు ఇద్దరు వెళ్లండి. మీరు అటు తిరిగి నిలబడితే పక్కవాళ్లు మ్యాగజైన్‌లో మూడు నిజం తూటాలు, రెండు డమ్మీ తూటాలు వాళ్లకు తోచిన వరసలో పెడతారు. డమ్మీ వచ్చినప్పుడు ట్రిగ్గర్ క్లిక్‌మంటుంది, రైఫిల్ మాత్రం పేలదు. ఆ క్షణంలో గొట్టం మూతి కదలకుండా ఉందా, గంటకు కట్టిన తాడు లాగినట్టు కిందికి ఊగిందా, పక్కన నిలబడినవాళ్లకు స్పష్టంగా కనబడుతుంది. ఊగిందంటే ఆ తూటా మీకు ఎక్కువ. కిందికి ఒక మెట్టు దిగండి, ఇందులో నామోషీ ఏమీ లేదు. గొట్టం మూతికి మజిల్ బ్రేక్ (గ్యాసును పక్కలకు మళ్లించే ముక్క) బిగిస్తే తన్ను తగ్గుతుంది కదా అంటారు. తగ్గుతుంది, కానీ చప్పుడు పక్కలకూ వెనక్కీ మళ్లుతుంది. చెవులకు రక్షణ లేకుండా అడవిలో ఒక్కసారి పేల్చినా వినికిడి దెబ్బతినవచ్చు, పక్కన కూర్చున్న గైడ్‌కు ఇంకా ఎక్కువ. స్కోప్ కంటికి మూడున్నర అంగుళాల దూరంలో లేకపోతే మాగ్నమ్ తన్నుకు దాని అంచు కనుబొమ చీల్చుతుంది. కొండ పైకి చూసి కాల్చేటప్పుడు ఇది మరీ జరుగుతుంది, ఎందుకంటే తల ముందుకు జారుతుంది.

కాబట్టి మా మాట ఇది. మొదటి ఎల్క్ రైఫిల్‌గా .30-06 కొనండి. తన్ను పడని వాళ్లకు .308 గానీ 7 ఎంఎం-08 గానీ సరిపోతాయి. ఇప్పటికే .270 ఉన్నవాళ్లు అందులో 150 గ్రెయిన్ల పార్టిషన్ లేదా 130 రాగి బుల్లెట్ వేసుకుంటే కొత్త రైఫిల్ అక్కర్లేదు. 6.5 క్రీడ్‌మోర్‌తోనూ ఎల్క్ పడుతుంది, కానీ దూరాన్ని 300 గజాలకు కట్టేసుకోవాలి, బుల్లెట్ గట్టిది కావాలి, ఎదురుగా ఏటవాలుగా నిలబడ్డ జంతువును వదిలేయాలి. 7 ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్, .300 మాగ్నమ్ అవసరమయ్యేది 400 గజాల దగ్గర నిజంగా కొట్టగలిగినవాళ్లకే. కొట్టగలరా లేదా అన్నది తొమ్మిది అంగుళాల పేపర్ ప్లేటు తేలుస్తుంది. బెంచీ మీద ఇసుకసంచిలో రైఫిల్ పెట్టి కాదు, కూర్చుని, మోకాలి మీద, కర్ర ఊతతో కాల్చాలి. ఐదు తూటాల్లో ఐదూ ప్లేటులో పడే దూరమే మీ దూరం. చాలామందికి అది 250 గజాలు దాటదు, మాగ్నమ్ చేతిలో ఉన్నా సరే.

గురి సరిచేసేటప్పుడు .30-06ను 200 గజాల దగ్గర గురి పెట్టిన చోటే తగిలేలా కట్టుకుంటే 100 గజాల దగ్గర రెండు అంగుళాలు పైన, 300 దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు కింద తగులుతుంది. పెట్టెలో ఇరవై తూటాలుంటాయి. ఒకే లాట్ నంబరువి ఐదు పెట్టెలు ఒకేసారి కొనండి. కంపెనీ మారితే, బరువు అదే అయినా, తగిలే చోటు రెండు మూడు అంగుళాలు జరగడం మామూలే. చవకవాటితో సాధన చేసి, సీజన్ ముందురోజు ఖరీదైనవి నింపుకుని గురి చూసుకోకుండా వెళ్లడం ఏటా జరిగే పొరపాటు.

షాపులో ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. .300 అంకెతో మొదలయ్యేవే విన్‌చెస్టర్ మాగ్నమ్, విన్‌చెస్టర్ షార్ట్ మాగ్నమ్, వెదర్బీ, పీఆర్‌సీ అని రకరకాలున్నాయి. ఒకదాని రైఫిల్‌లో ఇంకొకటి వేయకూడదు. .308 తూటా .30-06 రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలోకి దూరుతుంది కూడా, కేసు అర అంగుళం పొట్టిది కనుక. పేలిస్తే కేసు చీలి వేడి గ్యాసు వెనక్కి తన్నవచ్చు. గొట్టం మీద చెక్కిన పేరు, తూటా అడుగున ఇత్తడిలో కొట్టిన పేరు అక్షరం అక్షరం కలవాలి.

చలిలో వచ్చే ఇబ్బందులు తూటా తప్పుగా కనిపిస్తాయి. బోల్ట్‌లో నూనె ఎక్కువైతే గడ్డకట్టి సూది నెమ్మదిగా కొడుతుంది, తూటా పేలదు. సీజన్‌కు ముందు నూనె తుడిచేయండి. పేలని తూటాను వెంటనే బయటికి లాగొద్దు. గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకు పెట్టి ముప్ఫై సెకన్లు ఆగండి. మంచు గొట్టంలోకి పోకుండా మూతికి టేపు చుట్ట అంటించి, దాని మీదుగానే కాల్చేయవచ్చు. రాత్రి రైఫిల్‌ను వెచ్చని గుడారంలోకి తేవద్దు, అద్దాలు చెమ్మగిల్లుతాయి, ఉదయం ఆ చెమ్మే గడ్డకడుతుంది.

ఎక్కడ కొట్టాలి? పక్కకు తిరిగి నిలబడితే ముందరి కాలి వెనక అంచు వెంబడి పైకి చూపు తీసుకెళ్లి, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర. వెనక్కి ఏటవాలుగా ఉంటే అవతలి భుజాన్ని మనసులో పెట్టుకుని కొట్టాలి. వెనక నుంచి అసలు వద్దు. ఊపిరితిత్తుల్లో తగిలినా ఎల్క్ ఒక్కోసారి ఏమీ జరగనట్టు నిలబడే ఉంటుంది. కొత్తవాళ్లు తప్పిందనుకుని చూస్తుండిపోతారు. నిలబడి ఉన్నంతసేపూ రెండోది కొట్టాలి. నెత్తురు గులాబీ రంగులో నురగగా ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి వెళ్లండి. పచ్చటి కసరు కనబడితే పొట్ట. ఆరు గంటలన్నా కదలొద్దు, తరిమితే దొరకదు.

మాంసం ఇంటికి తెచ్చేవాళ్లకు బుల్లెట్ ఎంపికలో ఇంకో లెక్క ఉంది. సీసం బుల్లెట్ చెదిరినప్పుడు కంటికి కనబడని రేణువులు గాయం చుట్టూ కండలోకి పోతాయి. ఆ చుట్టుపక్కల మాంసాన్ని ధారాళంగా కోసి పారేయాలి. ముఖ్యంగా కీమా కొట్టించేటప్పుడు, మిషన్‌లో పడితే రేణువులు మొత్తానికి కలుస్తాయి. గర్భిణులు, ఆరేళ్లలోపు పిల్లలు సీసం బుల్లెట్‌తో కొట్టిన జింక మాంసం తినవద్దని ఉత్తర డకోటా ఆరోగ్య శాఖ 2008లోనే చెప్పింది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం తూటాలే నిషిద్ధం. ఇంట్లో పసిపిల్లలుంటే రాగి బుల్లెట్‌కు మించినది లేదు.

చివరగా, మీ వ్యాసం అసలు ప్రస్తావించని సంగతి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. అంటే వీసా మీద ఉన్నవాళ్లు ముందు వేట శిక్షణ పూర్తి చేసి, లైసెన్సు చేతికొచ్చాకే షాపుకు వెళ్లి తుపాకీ కొనేటప్పుడు నింపే 4473 ఫారం నింపాలి. తూటా పెట్టె ఒక్కటి కొనాలన్నా ముందు ఆ లైసెన్సు ఉండాలి. లైసెన్సు గడువు ముగిసిన మర్నాడు బీరువాలో ఉన్న ఆ పెట్టె మీద కూడా కేసు పెట్టవచ్చు. మీ పేజీ చదివేవాళ్లలో వీసా మీద ఉన్నవాళ్లే ఎక్కువ కనుక ఈ పేరా ఒక్కటైనా వచ్చే ఆదివారం అచ్చువేయగలరు.

ఇట్లు,
కొలరాడో నుంచి మీ పాఠకులు